వంకాయ రంగు బూట్లు

ఎరుపు మాత్రం ఒద్దు, నా ఆకుపచ్చ బూట్లు అడివిల తిరిగే అన్నలవని జీపు ఆపిన పోలీసోళ్లు ఎర్రబూట్లు చూస్తే జీపులనే ఎక్కిస్తరు, అని లంగాల బట్టకు రంగులేసే గోలెం కాడ నిలబడి ఆలోచించి ఆలోచించి వాటిని వంకాయ రంగుల ముంచిన, మంచిపనే చేసిన, ఇప్పుడు తెల్లారుతుంటే సిరిసిల్ల బయట ఈ తొవ్వల కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని నడుస్తుంటే నన్ను చూసి ఎవలూ భయపడరు, నవ్వుతరంతే, నవ్వనీ, బీయే చదివినదానికి ఆమాత్రం పేరు రావాలె, ముందట నా బిడ్డ రాధ, తొమ్మిదేండ్ల పోరి, పది అడుగులకోసారి ఎనుకకు తిరిగి చూస్తుంది, గా చూపు చూసినప్పుడల్లా నాకు కోరుట్ల బస్టాండు యాదికొస్తది.

మా అక్కింటికి పోయి వస్తున్నం, ధన్‌మని చప్పుడైంది, బాంబని ఎవలో అరిచిండ్రు, ఈ రోజులల్ల చప్పుడైతే ఏందని అడగరు, ఉరుకుతరు, అందరూ ఉరికిండ్రు, రాధ ఉరికింది, నేను ఇరవై అడుగులేసి స్తంభం పట్టుకున్న, ఊపిరి అందలె, పోరి ఎనుకకు చూసింది, జనానికి ఎదురుపడి మళ్లొచ్చింది, ఉరుకే బిడ్డా అంటే నువ్వు ఉరకకుంటే నేనూ ఉరక అని నా కొంగు పట్టుకొని నిలబడ్డది, తర్వాత తెలిసింది బస్సు టైరు పలిగిందని, అందరూ నవ్విండ్రు, నాకే నవ్వు రాలె, ఈసారి టైరు, మళ్లోసారి టైరు కాకుంటే.

జగిత్యాల డాక్టరు బీపీ చూసి మీ అమ్మ ఎన్నేండ్లకు పోయిందమ్మా అన్నడు, నలభై రెండుకు అన్న, నీకు, ముప్పై ఆరు, ఆయన చీటీ మీద పొద్దుగాల అరగంట నడువుడు అని రాసి కింద గీత గీసిండు, అరగంట ఏ దుకాణంల దొరుకుతదో మాత్రం రాయలె, నాలుగింటికి నల్లా నీళ్లు, పిల్లల సద్దులు, ఆ పైన ఇంట్ల బట్ట నేసే నాలుగు సాంచెలు, వాటికి దారం కండెలన్నీ నేనే చుట్టాలె, చుట్టంగ చుట్టంగ నేనే కండె లెక్కయిన, రెండు కొసలు సన్నం, నడుమల లావు, మా ఆయన గోవర్ధనేమో నువ్వు నడిస్తే సాంచెలెట్ల నడుస్తయే అన్నడు, నోరు తెరిచి నేను అనే లోపల మా అత్త లసుమవ్వ చర్ఖ ముందట కూలబడ్డది, పో పిల్లా, అరగంట నేను చుడుత, వచ్చినంక నా కాళ్లు పిసుకు, అన్నది, గా బేరం ఇయ్యాల్టికీ నడుస్తనే ఉన్నది.

చెప్పులు వారానికి తెగినయి, కోరుట్లల ఒక దుకాణంల ఆకుపచ్చ కాన్వాసు బూట్లు సగం ధరకే ఇచ్చిండు, ఎవలూ కొంటలేరమ్మా అన్నడు, ఎందుకు కొంటలేరని అడగలె, చదువుకున్నదాన్ని కద, నెల గడిచినంక ఓ పొద్దు జీపు ఆగింది, టార్చిలైటు నా ముఖం మీద కాదు, కాళ్ల మీద, ఎస్సై ఎక్కడి మనిషో, ఎవరి కోసం కొన్నావమ్మా ఇవి అన్నడు, నాకేనండి, బీపీ అన్న, జాకెట్లకెల్లి డాక్టరు చీటీ తీసిచ్చిన, ఆయన గీత గీసినకాడ రెండుసార్లు చదివి, గొంతు తగ్గించి, తగ్గిందా అమ్మా అన్నడు, నాలుగు కిలోలు సార్ అంటే పొట్ట మీద బెల్టు సదురుకున్నడు, కానిస్టేబులు చెట్లదిక్కు తిరిగి నవ్వుకున్నడు, పోతూ పోతూ ఎస్సై నవ్వకుండ, రంగు మార్చుకో అమ్మా, అందరూ చీటీ చదివేదాకా ఆగరు అన్నడు, ఇంటికొచ్చి గా మాట చెప్పిన, వాగుల పారెయ్యవే అని గోవర్ధన్, పారేస్త, బస్టాండుల పోరి నాకోసం మళ్లొస్తే నువ్వొచ్చి ఎత్తుకపోతవా అని నేను, రంగు గోలెం మూత ఆయనే తీసిండు.

అమ్మా, గా మైలురాయి దాక ఉరుకుదమా, నీకు ఆయాసమైతే ఆగుదమే అంటున్నది రాధ, పెద్దముత్తైదువ లెక్క, ఉరుకు అన్న, ఉరికింది, నేనూ, బూట్లు టపటపమంటున్నయి, పది అడుగులు, ఇప్పుడు తిరుగుతది, తిరగలె, ఇరవై, కోరుట్లల స్తంభం పట్టుకున్నది ఇన్ని అడుగులకే, దాటిన, ఊపిరి ఉన్నది, మంటగ ఉన్నది గని ఉన్నది, జడలెగురుతున్నయి పోరివి, ఎందుకు తిరుగుతలేదు, అలిగిందా, మరిచిందా, టపటప, టపటప, ఓహో, వింటున్నది, నా బూట్ల చప్పుడు ఎనుకనే వస్తుందని వింటున్నది, మైలురాయి వచ్చింది, దాటింది, రాధ మెడ ముందుకే ఉన్నది, గా నాలుగు కిలోలు తగ్గింది గా మెడ మీదికెల్లే.