ఉప్పునీళ్ల తొట్టికి మూత

గుడివాడలో చంద్రశేఖర్ ఫోటో స్టూడియో ముందుగదిలో ఒక చేపలతొట్టి ఉండేది. రంగురంగుల మంచినీటి చేపలు పెంచుకునేవాళ్లు ఆ రోజుల్లో ఊళ్లో కొందరున్నారు గాని, సముద్రపు నీళ్లు పోసి సముద్రపు చేపల్ని పెంచిన తొట్టి అదొక్కటే. అది చంద్రశేఖర్ భార్య నాగమల్లేశ్వరిది.

ఆమె పుట్టిల్లు బందరు పక్కన సముద్రపొడ్డు పల్లె. తండ్రి వేటకెళ్లేవాడు, తల్లి పోలమ్మ చేపలు అమ్మేది. పల్లెలో పెళ్లి ఫోటోలు తియ్యడానికి వచ్చిన చంద్రశేఖర్ ఆమెను ఇష్టపడ్డాడు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు. అతని తల్లి సుబ్బాయమ్మది నీసు తాకని ఇల్లు. ఉన్న ఒక్క కొడుకునీ వదులుకోలేక, స్టూడియో వెనకే ఉన్న ఆ ఇంట్లో ఒకే కప్పు కింద ఉండిపోయింది గాని, తన వంట తనే వండుకునేది. కోడలితో మాట్లాడేది కాదు. ఏదైనా చెప్పాలంటే, కోడలు ఎదురుగా ఉన్నాసరే, కొడుకుతోనే చెప్పేది. "గ్యాసు అయిపోయిందని మీ ఆవిడతో చెప్పరా" అనేది.

స్టూడియోలో పసిపిల్లల ఫోటోలన్నీ నాగమల్లేశ్వరే తీసేది. లైట్లు చూసి పిల్లలు ఏడ్చేవారు. వాళ్లు కాసేపు చూస్తూ కూర్చోవడానికి ముందుగదిలో ఏదన్నా ఉంటే బాగుంటుందని చేపలతొట్టి పెట్టింది. సముద్రపు చేపలే ఎందుకని మొగుడు అడిగితే, "నాకు తెలిసినవి అవేనండీ" అంది. ఆమె తమ్ముడు గంగన్న మంగినపూడి ఒడ్డున క్యాన్లతో నీళ్లు పట్టి, తీరం దగ్గర చిన్నవలలో పడ్డ చేపపిల్లల్ని బిందెలో వేసుకుని ప్యాసింజరు రైల్లో తెచ్చేవాడు. వెండిరంగువి కొన్ని, ఒంటిమీద నల్లచారలున్నది ఒకటి. తొట్టిలో మోటారు గాలి ఊదుతుంటే పిల్లలు ఏడుపు మానేసి అద్దానికి ముక్కులు ఆనించేవారు.

ఒక పొద్దున షట్టరు ఎత్తేసరికి కుర్చీ కింద వెండిచేప ఒకటి ఎండి బిగుసుకుపోయి ఉంది. పిల్లి పనేమో అన్నాడు చంద్రశేఖర్.

"పిల్లి అయితే తినకుండా పోతుందా" అంది నాగమల్లేశ్వరి.

ఆ వారంలోనే ఇంకోటి పోయింది. చేపలే ఎగిరి బయటపడుతున్నాయని అప్పుడర్థమైంది. ఫోటో ఫ్రేములకు తెచ్చిన పెద్ద అద్దం ఒకటి తీసి తొట్టిమీద నిండుగా పరిచాడు చంద్రశేఖర్. ఎగరడం ఆగింది. కాని ఎండలు ముదిరాక మధ్యాహ్నం పూట నీళ్లు వెచ్చబడి, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గాలికోసం కొట్టుకోసాగాయి. అద్దం తీసేసి ఇనపజాలీ తెచ్చి వేశారు. కొన్నాళ్లకే ఉప్పునీటి చెమ్మకు అది తుప్పుపట్టి, ఎర్రటి చుక్కలు తొట్టిలోకి కారాయి. జాలీ తీసి పారేసి, నీళ్లన్నీ మార్చాల్సి వచ్చింది. ఆ మార్పులో ఇంకో చేప పోయింది.

ఆ పూట సుబ్బాయమ్మ కొడుకుతో, "నీళ్లలో బతికేవాటిని తీసుకొచ్చి కుర్చీల కింద చంపుతున్నార్రా" అంది.

లోపల ఫిల్ము కడుగుతున్న నాగమల్లేశ్వరికి ఆ మాట వినబడింది. ఎప్పుడూ అనే మాటలైతే వదిలేసేది. ఇది మాత్రం లోపల గుచ్చుకుంది, అందులో అబద్ధం లేదు కాబట్టి. వాళ్ల నాన్న చేపల్ని పట్టేవాడు, అమ్మ అమ్మేది. అది బతుకు. తను చేస్తున్నదేమిటో ఆమెకే తెలియలేదు. ఈసారి గంగన్న వస్తే మిగిలినవాటిని తీసుకెళ్లి సముద్రంలో వదిలెయ్యమని చెప్పాలనుకుంది.

గంగన్న రాకముందే ఆ సంగతి జరిగింది. చంద్రశేఖర్ గుడ్లవల్లేరు కాలేజీలో ఏదో సభకు ఫోటోలు తియ్యడానికి వెళ్లాడు. నాగమల్లేశ్వరి లోపలి గదిలో ఒకాయనకు పాస్‌పోర్టు ఫోటో తీస్తోంది. కరెంటు పోయింది. వాన మబ్బు వల్ల గదులన్నీ చీకటైపోయాయి. కాసేపటికి కరెంటు వచ్చి, తొట్టిమీది ట్యూబులైటు టపటపా కొట్టుకుని ఒక్కసారిగా వెలిగింది. ముందుగదిలో గచ్చుమీద ఏదో పడిన చప్పుడైంది.

ఆమె కెమెరా వదిలేసి పరుగెత్తింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

సుబ్బాయమ్మ నేలమీద మోకాళ్లమీద ఉంది. వెండిచేప ఆమె ముందు ఎగిరెగిరి పడుతోంది. రెండుసార్లు పట్టుకోబోయింది, రెండుసార్లూ జారిపోయింది. ఆమె పక్కనున్న చెంబులో చీరకొంగు ముంచి, ఆ తడికొంగుతో చేపను చుట్టి పట్టుకుని, తొట్టి దగ్గరికెళ్లి నీళ్లలో వదిలింది. చేప అడుగుదాకా ఒరిగిపోయింది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి దాని మొప్పలు కదిలాయి. తోక ఆడించింది.

"బతుకుతుందా?" అంది సుబ్బాయమ్మ. అడిగింది కొడుకుని కాదు. కొడుకు ఇంట్లో లేడు.

"బతుకుతుందత్తయ్యా."

"ఆ చారలదాన్ని తీసెయ్యి. అదే వీటిని తరుముతోంది. తప్పించుకోలేక పైకెగురుతున్నాయి. దానికితోడు ఈ లైటొకటి, గప్పున వెలిగితే అదిరిపడుతున్నాయి."

"మీకెలా తెలుసు?"

"మీరిద్దరూ లోపలుంటారు. నేను రోజంతా కూచునేది ఇక్కడేగా."

నాగమల్లేశ్వరికి కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. "మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమండీ?"

సుబ్బాయమ్మ కొంగు పిండుకుంటూ, "మనం మాట్లాడుకోవడం లేదు కదా" అంది.

తరవాత ఆమె పెరట్లోకెళ్లి తలమీంచి స్నానం చేసి, బట్టలు మార్చుకుని వచ్చి మళ్లీ ముందుగదిలో తన కుర్చీలో కూర్చుంది. లోపల పాస్‌పోర్టు ఫోటో ఆయన ఇంకా మెడ నిటారుగా పెట్టుకుని కూర్చునే ఉన్నాడు.

ఆ సాయంత్రమే చారలచేపను వేరే బకెట్లోకి మార్చారు. మర్నాడు నాగమల్లేశ్వరి వడ్రంగి చేత తొట్టికి సరిపడా చెక్కచట్రం చేయించింది. కిటికీలకు కొట్టే దోమతెరల గుడ్డ, నైలాన్‌ది, తెచ్చింది. గాలి ఆడుతుంది, తుప్పు పట్టదు. దాన్ని చట్రానికి మేకులతో కొడితే మేకులూ తుప్పు పడతాయి కదా అని ఆలోచిస్తుంటే, సుబ్బాయమ్మ గోనెలు కుట్టే దబ్బనం తీసుకొచ్చింది. కోడలు గుడ్డ లాగి పట్టుకుంది, అత్త నైలాన్ దారంతో చట్రం చుట్టూ కుట్టింది. గాలిగొట్టం వెళ్లే మూల కొంచెం సందు మిగిలింది.

"ఇంతే కదా, వదిలేద్దాం" అంది నాగమల్లేశ్వరి.

"వద్దు. ఆ సందులోంచే పోతుంది చూడు" అని సుబ్బాయమ్మ గొట్టం చుట్టూ కూడా బిగించి కుట్టింది. నీళ్లను బెత్తెడు తగ్గించారు. దాక్కోవడానికి అడుగున రాళ్లు పేర్చారు. కరెంటు పోగానే తొట్టి లైటు స్విచ్చి ఆర్పెయ్యడం సుబ్బాయమ్మ పనైపోయింది. కరెంటు వచ్చాక ముందు కిటికీరెక్క తీసి, గదిలో వెలుతురు పడనిచ్చి, ఆ తరవాత లైటు వేసేది. గంగన్న వచ్చినప్పుడు చారలచేపను బిందెలో వేసిచ్చి, "దీన్ని ఎక్కడ పట్టావో అక్కడే వదులు బాబూ" అని అతనితో నేరుగా చెప్పింది. గంగన్న అక్క మొహంలోకి చూశాడు.

చేపలు ఎగరడం పూర్తిగా మానలేదు. అప్పుడప్పుడు తెరకు తగిలి మళ్లీ నీళ్లలో పడేవి. పిల్లలు అది చూసి నవ్వేవారు. కుర్చీల కింద మాత్రం ఇక ఏదీ కనిపించలేదు. వంటలు వేరుగానే సాగాయి. మాటలు మాత్రం కలిశాయి, ముందు చేపల గురించి, తరవాత తక్కినవాటి గురించి.

కార్తీకం ముందు గంగన్న వేటకెళ్లి చాలారోజులు రాలేదు. తొట్టిలో నీళ్లు మార్చాలి. చంద్రశేఖర్‌కు పెళ్లిళ్ల ఫోటోలతో తీరిక లేదు. నాగమల్లేశ్వరి క్యాన్లు కడిగి పుట్టింటికి ఒక్కతే బయల్దేరబోతుంటే, "నిండు క్యాన్లు రెండు నువ్వెలా మోస్తావు, నేనూ వస్తా" అంది సుబ్బాయమ్మ. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె వియ్యాలవారి గడప తొక్కలేదు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

పల్లెలో నాగమల్లేశ్వరి తల్లి పోలమ్మ సుబ్బాయమ్మను చూసి కంగారుపడింది. నులకమంచం మీద దుప్పటి పరిచింది. తమ గిన్నెల్లో ఇస్తే ముట్టుకుంటుందో లేదో తెలియక, కొబ్బరిబోండం కొట్టించడానికి పక్కింటివాళ్లను కేకేసింది.

"బోండం తరవాత వదినగారూ. ముందు కాసిని మంచినీళ్లియ్యండి, దాహమేస్తోంది" అంది సుబ్బాయమ్మ.

పోలమ్మ గ్లాసు తోమి, మళ్లీ తోమి, కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. సుబ్బాయమ్మ గ్లాసు ఎత్తి పట్టకుండా పెదాలకు ఆనించుకునే తాగింది. నాగమల్లేశ్వరి తల తిప్పుకుని క్యాన్ల మూతలు సరిచూడసాగింది.

తరవాత అత్తాకోడళ్లు ఒడ్డుకెళ్లారు. అల వచ్చి పాదాలు తడిపి వెళ్లింది. సుబ్బాయమ్మ క్యాను వంచబోయింది.

"ఇక్కడ వద్దత్తయ్యా, ఇసకొస్తుంది. ఇంకాస్త లోపలికెళ్లాలి."

సుబ్బాయమ్మ కుచ్చిళ్లు ఎగదోపుకుని, కోడలి భుజం పట్టుకుని నీళ్లలోకి నడిచింది.