రెండు వరుసల బొమ్మలు

నేను ఒక గోడపటాన్ని. తెల్లని డ్రాయింగు కాగితం వెనుక గుడ్డ అంటించి, పైనా కిందా వెదురు పుల్లలు తొడిగితే నేనయ్యాను. నా మీద రెండు వరుసల మనిషి బొమ్మలున్నాయి. పై వరుస, కళాశాలలు పంపిన జాబితాల ప్రకారం, మన దేశపు కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో పాఠం చెప్పేవారు. కింది వరుస చైనాలో చెప్పేవారు. ఒక్కో బొమ్మ యాభై వేల మందికి గుర్తు. కింది వరుసే పొడవు.

నన్ను గీసింది అలివేలు మేడం. గోదావరి కాలువ పక్కన ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో పదకొండేళ్లు గణాంకశాస్త్రం చెప్పింది. పర్మినెంటు ఉద్యోగం కాదు, ఏ గంటకు పిలిస్తే ఆ గంటకు వచ్చి చెప్పడమే. తనిఖీ బృందం వస్తోంది, గోడలు బోసిగా ఉన్నాయని ప్రిన్సిపాల్ శేషాచలం గారు అంటే, నాలుగు రోజులు నేల మీద కూర్చుని నీటిరంగులతో గీసింది. లెక్క తప్పకూడదని ముందుగా దేవుడికి దణ్ణం పెట్టుకుంది. దేవుడు విన్నాడో లేదో నాకు తెలియదు.

తనిఖీకి ముందురోజు ప్రిన్సిపాల్ గారు ఆమెను నా ఎదుటే నిలబెట్టి మాట్లాడారు. జాబితాలో ఇరవై నలుగురు అధ్యాపకులు, పాఠం చెప్పేది తొమ్మిది మంది. మూడేళ్ల కిందట మానేసిన డాక్టర్ వసుంధర పేరు ఇంకా తీయలేదు, అలివేలు పేరు ఎప్పుడూ ఎక్కించలేదు. రేపు ఒక్కరోజు వసుంధరగా కూర్చుంటే జూన్‌లో పర్మినెంటు ఆర్డరు ఇస్తామన్నారు. ఆ జూన్ మాట ఆమె ఏటా వింటున్నదే. అయినా తలూపింది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

మర్నాడు నన్ను వేలాడదీసిన స్టాఫ్ రూము నిండిపోయింది. ఎవరెవరో ఇస్త్రీ చొక్కాలతో, మెడలో కొత్త కార్డులతో వచ్చి కూర్చున్నారు. ఎరువుల కొట్టు నడిపే ప్రిన్సిపాల్ గారి బావమరిది అలివేలు వైపు వంగాడు.

"అమ్మాయ్, ఇంతకీ నేను చెప్పే సబ్జెక్టేంటి?"

"ఎకనామిక్సండి."

"కాస్త చిన్నదేదైనా చూడకపోయారా."

బృందంలో పెద్దాయన నా ముందు ఆగారు. చైనాను మనం ఎప్పటికి అందుకుంటామని అడిగారు. అందుకుంటున్నాం సార్, మా దగ్గరే ఒక్క ఖాళీ లేదన్నారు ప్రిన్సిపాల్ నవ్వుతూ. పటం ఎవరు గీశారన్నారు పెద్దాయన.

"మా డాక్టర్ వసుంధర గారు సార్."

వసుంధరగా కూర్చోవడానికి ఒప్పుకున్న మనిషి, వసుంధర నన్ను గీసిందంటే మాత్రం ఓర్చుకోలేకపోయింది. లేచి నిలబడింది.

"నా పేరు అలివేలండి. ఆవిడ మానేసి మూడేళ్లయింది. ఈ పై వరుస గీసింది నేనే గానీ, ఇందులో నేను లేనండి. ఆవిడున్నారు."

పెద్దాయన గడియారం చూసుకున్నారు. భోజనాలు ఎక్కడని అడిగారు. నివేదికలో ఇరవై నలుగురూ ఉన్నారు. అలివేలుకు మళ్లీ పిలుపు రాలేదు.

ఇప్పుడు నేను ఆమె పాఠం చెప్పిన గదిలోనే, పగిలిన కిటికీకి అడ్డుగా ఉన్నాను. పిల్లలు పుస్తకాలు తెరిచి ఎదురుచూసి, మూసి వెళ్లిపోతారు. చైనా వరుసలో ఎంత నిజముందో అక్కడి పటాన్ని అడగాలి. నా పై వరుసలో ఎవరు మనుషులో, ఎవరు ఉత్త పేర్లో చెప్పలేక నేను రగిలిపోతున్నాను.

బయట జల్లు మొదలైంది. పై వరుస చివరి బొమ్మ కరిగి కారుతోంది. కారనీ. నా లెక్క ఇప్పుడిప్పుడే సరిపడుతోంది.