దవాఖాన బండికి దారియ్యవలెను

సర్కారు మారి ఇంక ఏడాది నిండలే, ఊరూరికి తిరిగే హుకుముల గష్తీ కాయితాలు మాత్రం వారానికొకటి దిగుతున్నయి. అందుల ఒకటి వచ్చి నానక్‌రామ్‌గూడ ఐలయ్య మెడకు సుట్టుకున్నది.

ఐలయ్యకు ఒక గూడు బండి, జత ఎడ్లు. ఆ పక్క ఊర్లల్ల ఎవరికి పానం బాగలేకున్నా చందానగర్ దవాఖానకు మోసేది ఆ బండే. మూడు కోసుల దూరం. సర్కారు దాన్ని దవాఖాన బండి అని ఖరారు చేసి, ఇగ నుంచి బండికి ఏమేం నిషానీలు ఉండాలెనో కాయితం మీద రాసి పంపింది. రాసినాయన పట్నంల మోటర్లను సూసి రాసిండు. ఎడ్లబండ్లకు గూడ ఇదే వర్తిస్తదని అడుగున ఒక్క ముక్క కలిపి చేతులు దులుపుకున్నడు. అసొంటోళ్ళ చేతికి కలమిచ్చినోన్ని అనాలె.

పట్వారి రామచంద్రం పంతులు అద్దాలు పెట్టుకోని సదివి ఇనిపిచ్చిండు. బండి ముంగట నిలువెత్తు కట్టెకు ఎర్రజెండా ఎగరాలె. ఎర్ర అద్దం కందిలి ఎలగాలె. రోగి లోపలున్నంత సేపు ఇత్తడి గంట ఆపకుండ కొట్టాలె. గత్తర, అదే కలరా, దినాలు గనుక బండి సుట్టూ యాపమండలు కట్టాలె. ఇవన్ని సూడంగనే ఎదురొచ్చినోళ్ళు పక్కకు జరిగి దారియ్యాలె, అది నాలుగో దఫా. రోగి లేకుండ జెండ ఎత్తినా గంట కొట్టినా జుర్మానా, అది ఆరో దఫా.

"కందిలి పట్టపగలు గూడ ఎలగాలెనా పంతులూ?" అని ఐలయ్య అడిగిండు.

"రాత్రి పూట అని రాయలే గదరా. రాయంది నేనెట్ల చెప్త?"

ఐలయ్య కాయిదా మనిషి. చెప్పులు గూడ వరుస తప్పకుండ ఇడుస్తడు. జెండకు బట్ట తెచ్చిండు, కందిలికి ఎర్ర అద్దం బిగిచ్చిండు. ఎర్రజెండా ఎగిరితే కమ్యూనిస్టులదనుకోని ఈ దినాలల్ల వేరే లొల్లి అయితదని పంతులు భయపడి, ఆ బట్ట నడుమ దవాఖాన మోహరు కొట్టిచ్చిండు. గుండ్రటి మోహరు, సిరా కారి ఇంత పెద్ద బొట్టు లెక్క తయారైంది. ఊరోళ్ళందరు రోజూ సూసినోళ్ళే గనుక ఎవలూ ఏం అనలే. పదహారు దినాలు ఒక్క రోగి గూడ రాలే. రోగి లేనిది జెండ ఎత్తరాదు గద, అందుకని పక్క ఊరోడు ఒక్కడు గూడ ఆ సింగారం సూడలే.

పదిహేడో దినం పొద్దుగాల వచ్చిన రోగి ఐలయ్య పెండ్లాం భూలక్ష్మి.

తెల్లారకముందే నొప్పులు మొదలైనయి. మంత్రసాని సత్తెమ్మ లోపలికి పోయి, బయటికి వచ్చి, చేతులు కడుక్కోని చెప్పింది. "పిల్ల ఎదురుకాళ్ళతోని ఉన్నది. నాతోని కాదు బిడ్డా. పొద్దు నడినెత్తికి ఎక్కకముందు దవాఖానల పడెయ్యి. లేకుంటే ఇద్దరు గూడ దక్కరు."

పెండ్లయి తొమ్మిదేండ్లు. ఇంతకుముందు రెండు కాన్పులు. రెండు సార్లు గూడ సత్తెమ్మనే లోపల్నుంచి వచ్చి తల దించుకున్నది. ఆ ఇద్దరు పిల్లలు ఒక్కసారి గూడ ఏడ్వలే. మూడోసారి ఆ మొకం సూసే బలం ఐలయ్యకు లేదు. లేదంటే లేదు, అంతే.

అయినా సరే, మనిషి కాయిదా మనిషి. పట్వారి ఇంటికి ఉరికిండు. "పంతులూ, పురిటి నొప్పులు బీమారి కిందికి వస్తదా రాదా? జెండ ఎత్తాల్నా వద్దా?"

పంతులు కాయితం తిరగేసిండు, మల్లేసిండు. "రోగి అంటే పానం బాగలేనోళ్ళు. ఆమెకు పానం బాగున్నదా?"

"యాడ బాగున్నది పంతులూ!"

"మరి ఎత్తు, నీయవ్వ. ఇంక నిలవడ్డవేందిరా!"

బండిల గడ్డి పర్చి భూలక్ష్మిని పండవెట్టిండ్రు. ఐలయ్య తల్లి బుచ్చమ్మ పక్కన కూచున్నది. కోడలుకు చలువ అని మొకానికి పసుపు రాసింది, దిష్టి తగలొద్దని జుట్టుల ఇంత యాపమండ దోపింది. నొప్పులకు కొప్పు ఊడి ఎంట్రుకలన్ని ఇరబోసుకున్నయి. ఐలయ్య జెండ ఎత్తి, కందిలి ముట్టిచ్చి, ఎడమ చేత్తోని పగ్గాలు, కుడి చేత్తోని గంట పట్టుకోని తోలిండు. ఒక్క దఫా తప్పలే.

గోపన్‌పల్లి పొలిమేరల అడ్డం వచ్చిండ్రు. ముప్పై మంది. కట్టెలు వట్టుకోని మొగోళ్ళు, నీళ్ళ బిందెలతోని ఆడోళ్ళు. ముంగట పోచయ్య అని ముసలాయన.

"జరుగుండ్రి, జరుగుండ్రి! నాలుగో దఫా!" అని ఐలయ్య ఒర్రిండు. ఒక్కడు జరగలే.

సంగతేందంటే, గత్తర లేశినప్పుడు ఆ రోగం తెచ్చే అమ్మతల్లిని ఒక బండి మీద కూచోబెట్టి, ఎర్రబట్ట, యాపమండలు, దీపం, గంట, అన్ని మర్యాదలు చేసి ఊరి పొలిమేర దాటిస్తరు. అవతలి ఊరోళ్ళు ఆ బండిని అందుకోని, తమ ఊర్ల ఒక్క గడియ గూడ ఆగనియ్యకుండ గుంజుకపోయి ఇంకో ఊరికి అప్పజెప్తరు. ఆ ఊరోళ్ళు ఇంకో ఊరికి. బండి మల్లిచ్చి ఎనుకకు పంపుడు మాత్రం లేదు, మల్లితే తల్లి ఆ ఊర్లనే కూచుంటదని భయం. ఐలయ్యకు ఇది తెల్వదా? తెలుసు. సిన్నప్పుడు తాను గూడ గుంజినోడే. కాయిదా మీది ధ్యాసల బండి దిక్కు ఒక్కసారన్నా పక్కోని కండ్లతోని సూడలే. ఇప్పుడు పోచయ్య కండ్లతోని సూసిండు, ఒక్క మర్యాద గూడ తక్కువ లేదు.

"పెద్దయ్యా, ఇది దవాఖాన బండి. లోపలున్నది నా పెండ్లాం."

"అందరు గట్లనే అంటరు బిడ్డా," అన్నడు పోచయ్య మెత్తగ. "పోయినేడు ఒక ఊరోళ్ళు గడ్డి బండి అని చెప్పి దాటిచ్చిండ్రు."

అంతల లోపల భూలక్ష్మికి నొప్పి వచ్చింది. ఆమె పెట్టిన కేకకు ఎడ్లు గూడ చెవులు నిక్కవొడిచినయి. పోచయ్య బండిలకు తొంగి సూసిండు. పసుపు మొకం, ఇరబోసిన జుట్టు, యాపమండ. చెప్పులు ఇడిసి దండం వెట్టిండు. ఆడోళ్ళు బిందెలు కుమ్మరిచ్చిండ్రు. కన్ను మూసి తెరిచేలోపల ఎడ్లను ఇప్పి బండి ఎనుక కట్టేసిండ్రు, ఇరవై మంది కాడిని భుజాలకెత్తుకోని ఉరుకుడు మొదలువెట్టిండ్రు.

"ఆగుండ్రి" అనేటందుకు ఐలయ్య నోరు తెరిచిండు. చెట్లు ఎనుకకు ఉరుకుతున్నయి. ఆయన ఎడ్లు పుట్టిన కాడినుంచి గంత జోరు సూడలే. పొద్దు దిక్కు సూసిండు, భూలక్ష్మి దిక్కు సూసిండు. నోరు మూసుకోని గంట ఇంక గట్టిగ కొట్టిండు.

"ఏం పాపం రా ఇది," అన్నది బుచ్చమ్మ.

"పాపమో గీపమో, దవాఖాన ఎటున్నదో బండి అటే పోతున్నది గదనే అవ్వా."

నల్లగండ్లోళ్ళు అందుకున్నరు. వాళ్ళు గోపన్‌పల్లోళ్ళకంటే భయస్తులు గనుక ఇంక జోరుగ ఉరికిండ్రు. లింగంపల్లోళ్ళు కల్లుకుండ దారవోసి, కాళ్ళకు నీళ్ళు చల్లి, అటునుంచి అటే తోలిండ్రు. సర్కారు రాసిన నాలుగో దఫా ఏ ఊర్ల గూడ ఎవలకు తెల్వదు, అయినా గా మూడు ఊర్లల్ల దొరికినంత దారి పట్నంల మోటరుకు గూడ దొరకదు. పొద్దు ఇంక జానెడు ఎక్కేది ఉండంగనే చందానగర్ పొలిమేర వచ్చింది. ఐలయ్య మనసుల గోపన్‌పల్లి పోచయ్యకు దండం వెట్టుకున్నడు.

చందానగరోళ్ళు నలభై మంది తయారుగ ఉన్నరు. వాళ్ళ పెద్దమనిషి బాలనర్సయ్య, గుబురు మీసాలాయన, "హై" అన్నడు. బండి కదిలింది. దవాఖాన పెంకులు కనవడ్డయి. గోడ కనవడ్డది. గోడ మీద ఆరేసిన తెల్ల బట్టలు కనవడ్డయి. తర్వాత అవన్ని ఎనుకకు పోయినయి.

"ఓ! దవాఖాన గదే! ఆపుండ్రి!"

ఎందుకు ఆపుతరు? వాళ్ళ పొలిమేర బొంబాయి సడక్ మీద ఇంక అర కోసు ఉన్నది. ఐలయ్య గంట ఆపిండు. తల్లికి కోపమొచ్చిందని ఇంక జోరు పెంచిండ్రు. జెండ పీకి పారేసిండు. ఎవడో వచ్చి కండ్లకద్దుకోని మల్ల బండిల పెట్టిండు. ఇగ లాభం లేదని కిందికి దునికి, ఉరికి ముంగటికి పోయి చేతులు చాపి నిలవడ్డడు.

"నా పెండ్లామయ్యా! దేవత కాదు, నా పెండ్లాం! కాన్పు కావాలె!"

బాలనర్సయ్య కండ్లు ఎర్రగ చేసి, "తల్లిని పట్టుకోని పెండ్లామంటవా!" అని ఒక్కటి పీకిండు. ఐలయ్య పోయి తుమ్మచెట్టు మొదట్ల పడ్డడు. బండి ఆయనను దాటి పోయింది. తొమ్మిదేండ్ల కాపురం, కన్నతల్లి, ఇంక కండ్లు తెరవని పిల్ల, అన్ని ఆ బండిలనే ఉన్నయి. అది బొంబాయి దిక్కు పోతున్నది. ఐలయ్య దుమ్ముల కూచోని సిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు.

అప్పుడు బండిలకెల్లి ఒక గొంతు లేశింది.

"ఓ ఐలయ్యా! బండి ఆపుమను!"

నలభై మంది నలభై దిక్కుల బిగుసుకపోయిండ్రు. పెండ్లాం మొగని పేరు తీసుడు ఆ ఇలాకల ఎవలూ ఇనలే. మొగనికి ఆయుష్షు తగ్గుతదని నోట్లెకెల్లి రానియ్యరు. పిల్లలున్నోళ్ళు ఫలానోని నాయిన అని పిలుస్తరు. పిల్లలు లేని భూలక్ష్మి తొమ్మిదేండ్లు "ఓ", "ఇగో", "ఇనవడ్తుందా" అనుకుంటనే ఎల్లదీసింది. ఇప్పుడు నడి సడక్ మీద నిండు పేరు పిలిచింది. చందానగరోళ్ళకు ఉన్న ఇంత అనుమానం గూడ తీరిపోయింది. మొగని పేరు పెండ్లాం తీస్తదా? తీసింది గనుక ఆమె తల్లే. ఐలయ్య చేతులు గూడ దండానికి లేశినయి, ఒక్క రెప్పపాటు.

"ఈడనే దిగుత," అన్నది భూలక్ష్మి. గోపన్‌పల్లి కాడినుంచి ఆమె అన్ని ఇనుకుంటనే వస్తున్నది. నొప్పులు పానానికి గని చెవులకు కాదు గద.

బాలనర్సయ్య మీసాలు వేలాడవడ్డయి. మోకాళ్ళ మీద కూచున్నడు. "తల్లీ, గట్లనకు. పిల్లల ఊరు. యాటను కోస్తం, రెండు కోస్తం. జర ముంగటికి పో."

"దవాఖానల తొమ్మిది దినాలుంట. గడప దాటి ఊర్లెకు రాను. పదో దినం పోత."

"తొమ్మిదే గద తల్లీ? మా ఊరోళ్ళకు ఏం కాదు గద?"

"కాదు," అని, పళ్ళు గిట్టకరిచి నొప్పి మింగి, "ఇంకొక్క మాట అడిగినవనుకో, కొడుకా, నీ ఇంట్లనే దిగుత!" అన్నది.

బాలనర్సయ్య ఇంకొక్క మాట అడగలే. కాని బండిని మల్లియ్యరాదు. అదొక్కటి మాత్రం ఎవలూ ఒప్పుకోలే. జర సేపు గుసగుసలు పెట్టుకోని, నలభై మంది కాడి దిక్కు నిలవడి, మల్లియ్యకుండనే బండిని ఎనుకకు నూకిండ్రు. ఎనుక కట్టేసిన ఎడ్లు బిత్తరపోయి తిరిగి ముంగట ఉరికినయి. అట్ల, గూడు ఎనుక భాగం ముంగటవెట్టుకోని, సర్కారు దవాఖాన బండి దవాఖాన మెట్ల కాడికి వచ్చి ఆగింది. పొద్దు అప్పుడే నడినెత్తికి ఎక్కుతున్నది.

దవాఖానల కాన్పులు చేసే దాయమ్మ రుక్కమ్మ బయటికి వచ్చి, భూలక్ష్మి పొట్ట మీద చెయ్యి ఏసి సూసి, "లోపలికి! జల్ది!" అన్నది. తలుపు మూసుకున్నది. బుచ్చమ్మ తలుపు అవతల, ఐలయ్య ఇవతల.

మెట్ల మీద కూచున్నడు. మొకం ఇంక వాచే ఉన్నది. నలభై మంది గోడ పొడుగునా బారుగ కూచున్నరు. తల్లి గడప దాటుతదేమో అని కాపలా. లోపల భూలక్ష్మి కేక ఇనవడ్డప్పుడల్లా దండాలు వెడుతున్నరు. ఐలయ్య దండం వెట్టలే. చెవి తలుపుకు ఆనిచ్చిండు. రెండు సార్లు ఇట్లనే ఆనిచ్చిండు. రెండు సార్లు గూడ కేకలు ఆగినంక ఏం ఇనవడలే.

కేకలు ఆగినయి.

ఏం ఇనవడలే.

చెవి తలుపుకు అట్లనే పెట్టి కండ్లు మూసుకున్నడు. లోపల రుక్కమ్మ ఏదో అంటున్నది. చరిచిన సప్పుడు అయింది. మల్ల చరిచింది. మూడోసారి చరిచినంక పిల్లి కూన అరిచినట్టు సన్నగ, తర్వాత తలుపు అదిరేటట్టు, ఏడుపు లేశింది. గోడ పొడుగునా కూచున్నోళ్ళు ఒకరి మొకం ఒకరు సూసుకున్నరు. తల్లి కన్నదా? బాలనర్సయ్యకు ఏం సమజ్ కాలే.

తలుపు తెరుసుకున్నది. రుక్కమ్మ చేతులు తుడుసుకుంట వచ్చి, "పిల్ల నాయిన ఎవలు?" అని అడిగింది.

ఐలయ్య ఎనుకకు మల్లి సూసిండు. నలభై మందిల ఎవలూ లేవలే.

"ఎవలో తెల్వదమ్మా," అన్నడు మర్యాదగ. "అందరు ఈడనే ఉన్నరు, అడుగుండ్రి."

"నీ తెలివి సల్లగుండ! లోపల ఆమె పిలుస్తున్నది. మీ ఆయన పేరేందమ్మా అంటే చెప్తలేదు. మెట్ల మీద కూచుని ఉంటడు, పిల్ల నాయినను తోలియ్యుండ్రి అంటున్నది."

ఐలయ్య లేవబోయిండు. బాలనర్సయ్య వచ్చి రెక్క పట్టి లేపవలసి వచ్చింది.