పద్నాలుగు మిషన్ల ఫైలు

నవీన చట్నీకి తాలింపు పెడుతుంటే, భర్త ధనంజయ ఒక కాగితం తెచ్చి స్టవ్ పక్కన పెట్టాడు. "సంతకం పెట్టేయ్. పదింటికి ప్రిన్సిపాల్‌కి ఇయ్యాల."

నిన్న కంప్యూటర్ పరీక్ష ఆగిపోవడానికి ల్యాబ్ ఇన్‌ఛార్జి నవీన అజాగ్రత్తే కారణమని అందులో ఉంది.

తిరుపతిలో చిత్తూరు రోడ్డు మీది ఇంజనీరింగ్ కాలేజీలో అతను లెక్చరర్, ఆమె ల్యాబ్‌లో. 2009లో ఆ కాలేజీకి ఉన్నది ఒక్కటే సర్వర్. అందులోనే పద్నాలుగు వర్చువల్ మిషన్లు, అంటే విడివిడి కంప్యూటర్లలా పనిచేసేవి, నడవాలి. దేనికెంత మెమరీ, ఎంత డిస్కు, ఏ నెట్‌వర్క్ కార్డు కావాలో ఒక్క ఫైల్లో రాసిపెడితే, సర్వర్ అది చదువుకుని మిషన్లను అలాగే తయారుచేసుకునేలా నవీన రెండు నెలలు కష్టపడి అమర్చింది. వంట ముగించి, అత్త దేవకమ్మ కాళ్ళకు నూనె రాసి, ఆ తర్వాతే ఆ పనికి కూర్చునేది. "రాసుకునేది గూడా ఒక పనా?" అని నవ్విన ధనంజయే, పని పూర్తవగానే రిపోర్టు మీద తన పేరు వేసుకున్నాడు. నవీన అడగడానికి వెళ్తే హెచ్.ఓ.డి. రాజారత్నం, "టైపు కొట్టింది నువ్వేలేమ్మా, బుర్ర ఆయప్పది గదా" అన్నాడు.

నిన్న ఇన్‌స్పెక్షన్ వాళ్ళ ముందు గొప్పకు పోయి, ధనంజయ ఫైలు తెరవకుండానే, పిల్లలు పరీక్ష రాసే మిషన్‌కి నేరుగా మెమరీ పెంచాడు.

"ఫైల్లో మార్చండి. లేకుంటే సర్వర్ మళ్ళా లేసినప్పుడు పాతదే వస్తాది" అంది నవీన.

"నువ్వు పోయి సార్లకు మజ్జిగ పంపించు."

మధ్యాహ్నం కరెంటు పోయింది. సర్వర్ తిరిగి లేచి, ఫైల్లో ఉన్నంత మెమరీనే ఇచ్చింది. అది చాలక అరవైమంది పిల్లల పరీక్ష మధ్యలో ఆగిపోయింది.

"నా ప్రమోషన్ ఉండాది నవీనా. నీకేం పోతాది?" కాగితం ఇంకాస్త ముందుకు జరుపుతూ అన్నాడు ధనంజయ.

"మొగునికోసరం ఒక సంతకం పెడితే నీ చెయ్యేమన్నా అరిగిపోతాదా మే?" వసారాలోంచి దేవకమ్మ కేకేసింది.

ఆ రెండు నెలల్లో ఒక్కరోజు కూడా తిన్నావా అని అడగని ఇద్దరూ ఇప్పుడు తన సంతకం కోసం కాచుకుని ఉన్నారు. రిపోర్టుకు పనికిరాని పేరు తప్పు మోయడానికి పనికొచ్చింది.

నవీన స్టవ్ ఆపేసింది. కాగితం వెనక్కి తిప్పి, ఎన్ని గంటలకు ఎవరు ఏం మార్చారో, సర్వర్ ఎప్పుడు ఆగి ఎప్పుడు లేచిందో నిమిషాలతో సహా రాసింది. సంతకం చేసి, మడిచి, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది.

ధనంజయ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "అది ఇచ్చినాక ఈ ఇంట్లో యాడుంటావు?"

"ఇచ్చొచ్చినాక ఆలోచిస్తా. తప్పుకోండి" అంది నవీన, చెప్పులేసుకుంటూ.