నాన్న పిల్లికూతలు

మా నాన్న ఫొటోలు ఇంట్లో కావలసినన్ని ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఆయన పోయిన కొత్తలో ఆ సంగతి తట్టలేదు. తర్వాత ఒకరోజు ఆయన నన్ను పిలిచే తీరు గుర్తు చేసుకోబోతే మాటలు గుర్తొచ్చాయి గానీ గొంతు రాలేదు. అప్పటినుంచీ వెతుకుతూనే ఉన్నాను. ఒకప్పుడు ఆయన్ను రికార్డు చేసిన క్యాసెట్ ఒకటి ఉండేది. దాని మీద మా తమ్ముడు సినిమా పాటలు రికార్డు చేసుకున్నాడు. వాడి కూతురి పెళ్ళి దగ్గరుండి జరిపించాను గానీ, ఆ క్యాసెట్ విషయంలో వాణ్ణి ఇప్పటికీ క్షమించలేదు.

ఆ క్యాసెట్ నా తెలుగు పుణ్యమా అని పుట్టింది. అప్పుడే మెడికల్ కాలేజీలో సర్వే పనికి చేరాను. చాలా దేశాల్లో విద్యార్థులను ఒకే రకం ప్రశ్నలు అడిగి, ఎవరికి ఉబ్బసం ఎక్కువ, ఎవరికి ఎలర్జీలు ఎక్కువ, ఎవరు సిగరెట్లు ఎక్కువ కాలుస్తారు అని పోల్చి చూసే పెద్ద పని అది. ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగులోకి మార్చడం నా వంతు. తుమ్ములు, దద్దుర్లు, ముక్కు కారడం, అన్నీ సాఫీగా సాగిపోయాయి. ఊపిరి వదులుతుంటే ఛాతీలో వచ్చే ఈల చప్పుడు దగ్గర నేను ఆలోచించనైనా లేదు. ‘గత ఏడాదిలో మీకు పిల్లికూతలు వినిపించాయా?’ అని రాసేశాను.

మా ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం. నాన్న గడియారాలు బాగుచేసేవారు. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. తెల్లవారేసరికి ఆయన ఛాతీలో పిల్లి నిద్రలేచేది. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ ఆయన బనీను మీద చెవులు ఆనించి, లోపల పిల్లి ఒకటా రెండా అని పందెం వేసుకునేవాళ్ళం.

“పిల్లి ఒకటే. పిల్లలే ఇద్దరు, బయట పడి నన్ను తినేస్తున్నారు,” అనేవారు నాన్న.

హాస్టల్ విద్యార్థులు మా ఇంట్లో పెరగలేదు కదా. మెస్ వెనక పిల్లులు తెల్లవార్లూ కొట్లాడుకునేవి. అందుకని చాలామంది నిజాయితీగా ‘అవును’ అని టిక్కు పెట్టారు. ఒకడైతే పక్కన ఇలా రాశాడు: ‘ముఖ్యంగా పరీక్షలప్పుడు. దయచేసి చర్య తీసుకోగలరు.’ సిగరెట్ల దగ్గర మాత్రం ఆ నిజాయితీ లేదు. లెక్చరర్లు పక్కన నిలబడితే ఒక్కడూ కాలుస్తానని ఒప్పుకోలేదు. ఆ తరగతి గది కిటికీ కింద చూస్తే సిగరెట్ పీకలు గుట్టలుగా ఉన్నాయి. ఇంకో దేశంలో కాల్చనివాళ్ళు కూడా కాలుస్తామని గొప్పలు పోయారట. ఆ విషయంలో అందరం దొందూ దొందే.

కొన్నాళ్ళకు సర్వే పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. లోకంలో ఎక్కడా లేనంత ఉబ్బసం మా దగ్గరే ఉందట. సరిచూడకపోతే మమ్మల్ని పోలికలోంచి తీసేస్తామన్నారు. మా విభాగం పెద్ద మేడమ్ నన్ను పిలిచారు.

“ఇది ఊపిరితిత్తుల సర్వేనా, పిల్లుల సర్వేనా?”

“మా ఇంట్లో అలాగే అంటాం మేడమ్.”

“అందరూ మీ ఇంట్లో పుట్టలేదుగా. ఇక మాటలొద్దు. చప్పుడే వినిపించి, ఇలాంటిది మీకెప్పుడైనా వచ్చిందా అని అడుగు.”

నాకు తెలిసిన చప్పుడు ఒక్కటే. ఆఫీసు టేప్ రికార్డరు చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే నాన్న గోడ గడియారాల లోలకాలన్నీ ఒక్కొక్కటే పట్టుకుని ఆపారు. నేను పుట్టాక ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం అదే మొదటిసారి. నాన్న బల్ల ముందు కూర్చున్నారు. మైకు ఛాతీకి దగ్గరగా పెట్టాను. తీరా చూస్తే పిల్లి లేదు. ఆయన పసిపిల్లాడిలా హాయిగా ఊపిరి తీస్తున్నారు.

“చుట్టాలొస్తే మంచం కింద దూరే రకంలే ఇది,” అన్నారు నాన్న.

నాకు ఏడుపొక్కటే తక్కువ.

“కన్నతండ్రికి ఆయాసం రాలేదని మొహం వేలాడేసేదాన్ని నిన్నే చూశాను,” అంది అమ్మ.

నాన్న చొక్కా తగిలించుకుని, ఇప్పుడే వస్తానని బయటికెళ్ళారు. తిరిగొచ్చేసరికి పిల్లి ఆయన వెంటే ఉంది. అమ్మ ముక్కు ఎగబీల్చింది.

“సిగరెట్లు మానేశానన్నారు?”

“ఇంట్లో మానేశాను.”

“పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందట. నాకు తెలీదనుకున్నారా?”

“అమ్మాయి పరువు పోతుంటే చూస్తూ ఊరుకోమంటావా?”

అమ్మ నవ్వకూడదని పెదవి బిగించి కూడా నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా పని కోసం ఆయన ఊపిరి పాడుచేసుకున్నారని కోపం వచ్చింది, అంతకు మించి ప్రేమ ముంచుకొచ్చింది. రికార్డరు బటన్ నొక్కాను.

ఆ చప్పుడులో మొదటి నిమిషం మాత్రం తరగతి గదుల్లో వినిపించాం. ఈసారి ఎవరికీ మెస్ వెనక పిల్లులు గుర్తు రాలేదు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, “ఇది నాకొస్తుంది మేడమ్. అందరికీ వస్తుందేమో అనుకున్నాను,” అంది. లెక్కలు కుదుటపడ్డాయి. పోలికలో మా చోటు మాకు మిగిలింది. పెద్దాఫీసువాళ్ళకు నచ్చి, ఆ చప్పుడుకు నకళ్ళు తీసి మిగతా దేశాలకూ పంపించారు, అసలు క్యాసెట్ నాకు తిరిగిచ్చారు. కొట్టుకు ఎవరొచ్చినా నాన్న, “మా పిల్లి పాస్‌పోర్టు లేకుండా తిరిగేస్తోందండీ,” అని చెప్పేవారు. సిగరెట్లు ఆ తర్వాత నిజంగానే మానేశారు. పిల్లి మాత్రం ఆయన్ను వదల్లేదు. చివరికి దాంతోనే పోయారు.

పోయిన నెల పెద్దాఫీసు నుంచి నాకొక మెయిల్ వచ్చింది. అప్పట్లో ఆ పని నడిపించిన ఆవిడే రాసింది. పాత చప్పుళ్ళన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారట. ‘మీరు పంపినదాని చివర ఏవో రెండు మాటలున్నాయి. అవి కూడా ఊపిరిలాగే ఉన్నాయని మేం కత్తిరించలేదు. మా విద్యార్థులు వాటిని సరదాగా అనుకరించేవాళ్ళు. వాటి అర్థమేమిటి?’ అని అడిగింది. చప్పుడు కూడా జత చేసి పంపింది.

అవి ఏ మాటలో నాకు గుర్తు రాలేదు. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని వినిపించాను. ముందు పిల్లి కూసింది, చాలాసేపు. తర్వాత కుర్చీ కిర్రుమంది. ఆ పైన నాన్న, అచ్చంగా నాన్న, ఆయాసం మధ్యలోంచి అడిగారు.

“చాలామ్మా? గడియారాలు నడిపించనా?”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ పెట్టమని చేత్తో సైగ చేసింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ మళ్ళీ పెట్టాను.

ఆవిడకు అర్థం రాసి పంపేశాను. నాన్నకు మాత్రం చాలని చెప్పలేకపోతున్నాను.