దయ్యాలకు జుట్టు కత్తిరించే పిల్ల

సీసాల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది కాబట్టి వీధిలో అందరూ ఆమెను సీసాలక్క అనేవారు. బెల్టు మీద సీసాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పరుగెత్తుతుంటే, వెనక నుంచి పడే లైటు వెలుగులో పగుళ్లూ బుడగలూ ఉన్నవాటిని ఏరి పక్కన పడేయడం ఆమె పని. పెళ్లికి ముందు నుంచీ అదే పని. ఆ గలగల మొదట చెవుల్లోకి వచ్చి కూర్చుంది, పోనుపోను చెవుల్నే మింగేసింది. ముందు పిట్టల కూతలు పోయాయి. తర్వాత ఫోను మోత పోయింది. ఆఖరికి మనుషుల మాటలు కూడా అరిగిపోయి, చివరలు తెగి, సగం సగం అందేవి. చెవికి మిషను పెట్టించారు గానీ, దానికి మాటకీ గిన్నెల చప్పుడుకీ తేడా తెలియదు. రెండింటినీ కలిపి మెదడులో కుమ్మరించేది.

ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డవాళ్లయితే పోట్లాడవచ్చు. సాయంత్రం సీరియల్ వేళకి బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే భర్త, అత్తగారు, కూతురు, పై వాటాలో ఉండే ఆడపడుచు టీవీ ముందు వరసగా చేరేవాళ్లు. ఉన్నట్టుండి అందరూ పగలబడి నవ్వేవాళ్లు. సీసాలక్క వాళ్ల మొహాల వైపు తిరిగి, "ఏమంది? ఏమంది?" అని అడిగేది.

"ఏం లేదులే, తర్వాత చెప్తా."

ఆ 'తర్వాత' అన్నది ఏనాడూ రాలేదు. సీరియల్ సంగతి పోనీ. కూతురు కాలేజీ మారాలనుకుంటున్న సంగతి, డిపోలో భర్త సెక్షన్ మారిన సంగతి కూడా ఆమెకి పక్కింటావిడ చెబితేనే తెలిశాయి.

ఒకరోజు పని నుంచి వస్తుంటే మూలమీద డిస్కుల దుకాణంలో అట్టపెట్టెలు బయటికి సర్దుతున్నారు. షాపతను డిస్కులు ఎత్తేసి ఫోన్ల రిపేరు పెట్టుకోబోతున్నాడు. ఒక పెద్ద పెట్టె మీది బొమ్మ ఆమెను ఆపింది. తనకంటే పొడుగు కత్తెర పట్టుకున్న ఒక పిల్ల, ఎదురుగా ఒక దయ్యం. దయ్యం జుట్టు ఇంటి గడప దాటి, వీధి దాటి, ఎక్కడికో పాక్కుంటూ పోయింది.

"ఏంటిది?" అని అడిగింది.

అతను ఏదో చెప్పాడు. ఆమెకు అందలేదని గ్రహించి, మొదటి డిస్కు తీసి షాపు టీవీలో వేశాడు. జపాను వాళ్ల బొమ్మల సీరియల్. చచ్చిపోయినవాళ్ల జుట్టు పెరుగుతూనే ఉంటుందట. బతికున్నప్పుడు వదల్లేకపోయినదాన్ని చుట్టుకుని వాళ్లని అక్కడే కట్టేస్తుందట. ఆ పిల్ల వెళ్లి, దేనికి చుట్టుకుందో కనిపెట్టి కత్తిరిస్తుంది. మాటలన్నీ జపాను భాషలోనే. కింద మన భాషలో అక్షరాలు.

సీసాలక్క నిలబడి చదువుతూనే ఉంది. పక్కకి చూస్తే షాపతని కళ్లు కూడా ఎడమ నుంచి కుడికి పరుగెడుతున్నాయి. అతనూ చదువుతున్నాడు! తనకు వినబడనిది అతనికి వినబడుతున్నా అర్థం కావడం లేదు. ఆమెకు ఒళ్లు జలదరించింది. దయ్యాన్ని చూసి కాదు.

"ఎంత పొడుగుంటుంది?" అంది.

షాపతను ఆమెకు ఎదురుగా వచ్చి గట్టిగా చెప్పాడు. "చాలా పెద్దదక్కా, ఏళ్ల తరబడి వచ్చింది. ఎవరూ మొదలుపెట్టరు. దీన్నే కుదించి ఒక సినిమా చేశారు, అది తీసుకెళ్లు. ఒక్క పూటలో అయిపోతుంది."

"నాకు కుదించి చెప్పేవాళ్లు ఇంట్లో బోలెడుమంది ఉన్నారు. మొదటి నుంచి ఇవ్వు."

ఆ సాయంత్రం సీరియల్ అవగానే ఆమె రిమోట్ చేతిలోకి తీసుకుంది. అటక మీది డిస్కు ప్లేయరు అప్పటికే దింపి, దుమ్ము తుడిచి, వైర్లు పెట్టేసింది.

"ఇక మీదట ఈ వేళ నాది," అంది. "చూసేవాళ్లు కూర్చోండి, చూడనివాళ్లు లేవండి."

ఆడపడుచు పెట్టె మీది బొమ్మ చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఈ వయసులో బొమ్మల కథలేంటి వదినా? అవీ దయ్యాలవి! సంధ్యవేళ ఇంట్లోకి పిలిచి మరీ కూర్చోబెడతావా?"

కూతురు పెట్టె వెనక చదివి, తల్లి భుజం తట్టి, మొహానికి ఎదురుగా వచ్చి అంది. "అమ్మా, ఇందులో డబ్బింగ్ కూడా ఉంది. అది పెట్టు, అందరికీ హాయి."

"అందరికీ అంటే ఎవరెవరికే?"

కూతురు పెట్టె పక్కన పెట్టి చాప మీద కూర్చుంది. కథ మొదలైంది.

భర్త కాసేపు చూసి అలవాటుగా ఫోను తీశాడు. తల ఎత్తేసరికి తెర మీద ఒక ముసలి దయ్యం వెక్కి వెక్కి ఏడుస్తోంది. పిల్ల ఎత్తిన కత్తెర దించేసింది. అతను భార్య వైపు తిరిగి, చెయ్యి తిప్పుతూ ఏదో అడిగాడు. ఆ ప్రశ్న తెలుసుకోవడానికి ఆమెకు చెవులతో పనిలేదు. ఎన్నేళ్లుగానో తను అడుగుతున్నదే.

"ఏం లేదులెండి," అంది. "తర్వాత చెప్తా."

అతని మొహంలో రంగు మారింది. ఆడపడుచు లేచి నిలబడింది. "కక్షకట్టి తెచ్చిందిరా దీన్ని!"

ఆ మాట పెదాల మీద స్పష్టంగా కనిపించింది.

"కక్ష కాదు వదినా. ఈ ఇంట్లో మొదటి ముక్క నుంచి నాకు అర్థమైన కథ ఇదొక్కటే. దీన్ని మాత్రం వదలను. నువ్వు పైకెళ్తానంటే వెళ్లు, మెట్ల లైటు వేసే ఉంది."

ఆడపడుచు విసవిసా వెళ్లిపోయింది. భర్త ఫోను జేబులో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు అత్తగారు ఆమె కొంగు పట్టుకుని లాగింది. తెర వైపు చూపించి, తన కళ్లు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. అక్షరాలు ఆనడం లేదట. ఆ ముసలి మొహంలో ఉన్నది సీసాలక్కకు కొత్త కాదు. అందరూ నవ్వుతుంటే మధ్యలో బిక్కమొహం వేసుకుని కూర్చునే మనిషి మొహం అది.

ఆమెతో మాత్రం 'తర్వాత చెప్తా' అనలేకపోయింది. కథను వెనక్కి తిప్పి, ఒక్కో వాక్యం దగ్గరా ఆపుతూ చదవసాగింది. "నీ జుట్టు ఆ తలుపుకి చుట్టుకుంది తాతా. తలుపు అవతల ఎవరున్నారో చెబితేనే కత్తిరిస్తా."

తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియదు. భర్త చేత్తో తగ్గించమని సైగ చేశాడు. వీధంతా వినబడుతోందని కిటికీ చూపించాడు.

"విననివ్వండి," అంది. మరింత గట్టిగా చదివింది.

అలా మొదలైంది. రోజూ ఆ వేళకి చదువు సాగేది. ఇంట్లో ఇంకో కట్టుబాటు కూడా పెట్టింది. ఎవరేమన్నా ఆమె మొహం చూసి అనాలి. నవ్వేముందు ఎందుకు నవ్వుతున్నారో చెప్పాలి. మరిచిపోయి తమలో తాము నవ్వుకుంటే, వాళ్ల సీరియల్ ఎంత రసపట్టులో ఉన్నా టీవీ కట్టేసేది. భర్త ఒకసారి అరిచాడు, ఒకసారి అలిగాడు, ఆ తర్వాత నేర్చుకున్నాడు. దయ్యాల కథ వేళకి ఫోను అలమరలో పెట్టేసేవాడు. ఆడపడుచు ఏదో వంకన దిగి వచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి మొత్తం చదివి వెళ్లేది.

ఒక సాయంత్రం కొత్త డిస్కు వేస్తే తెర కింద ఖాళీ. అక్షరాలు రాలేదు. డబ్బింగూ లేదు. కూతురు అన్ని మీటలూ నొక్కి చూసి, "ఈ భాగం పాడైందమ్మా, దాటేద్దాం," అంది.

"ఒక్క ముక్క కూడా దాటేసేది లేదు."

వేసింది. జపాను మాటలు గలగలా దొర్లిపోతున్నాయి. నలుగురూ తెల్లమొహాలు వేసుకుని చూస్తున్నారు. సీసాలక్క మాత్రం ముందుకు వంగి కూర్చుంది. మొహాలు చూసి సంగతి పట్టడం ఆమెకు ఇన్నేళ్లుగా తప్పని చాకిరీ.

"ఆ టోపీ ఆయన అబద్ధం చెబుతున్నాడు. చూడండి, నోరు నవ్వుతోంది గానీ వేళ్లు నలుపుకుంటున్నాడు. దయ్యం ఇతని చెల్లెలు. ఇతన్ని కాపాడబోయి తను పోయింది. పిల్లకి తెలిసిపోయింది గానీ చెప్పడం లేదు."

అత్తగారు కళ్లు ఒత్తుకుంది. గుమ్మంలో ఆడపడుచు మొదటిసారి లోపలికి వచ్చి చాప అంచున కూర్చుంది. "తర్వాత? తర్వాతేమైంది వదినా?"

మర్నాడు తరువాయి భాగంలో అక్షరాలు తిరిగొచ్చాయి. ఆ టోపీ ఆయన అన్న కాదు, దయ్యం నగలు కాజేసిన దొంగ. ఇల్లంతా గొల్లుమంది. భర్త నవ్వాపుకుంటూనే కట్టుబాటు తప్పకుండా ఆమె వైపు తిరిగాడు. "నిన్న నువ్వు వాడికి చెల్లెల్ని అంటగట్టావు చూడు, అందుకే నవ్వుతున్నాం. మా అమ్మ వాడి కోసం రాత్రంతా బాధపడింది!"

సీసాలక్క తడుముకోలేదు.

"రాసినవాడికే తెలియలేదు. నేను చెప్పిందే బాగుంది," అని తర్వాతి భాగం పెట్టింది.