ఎడమచేతి బొంత

ఆదివారం పొద్దున్నే నాగజ్యోతి పెరట్లో పీట వేసుకుని, చింతపండు గుజ్జుతో ఇత్తడి సామాను తోముతోంది. వండుకునే సామాను కాదు. ముందుగదిలో అద్దాల బీరువాలో దర్జాగా కొలువుండే సామాను. మరచెంబు, కుంకుమభరిణె, మూత పోయిన పాన్‌దాన్, ఏ ఇంటి నుంచి వచ్చిందో తెలియని దీపపుసెమ్మె. ఇవన్నీ ఆమె భర్త ప్రసన్నకుమార్ ఏళ్ళ తరబడి పోగేసిన సంపద. దర్శిలో ఆయనకు పురుగుమందుల కొట్టుంది. మందులకు వచ్చిన రైతు ఇంట్లో పాత వస్తువేదైనా ఉందని చెవిన పడితే చాలు, ఇక ఆయనకు నిద్ర పట్టదు. "ఇప్పుడు చెత్తలాగే కనపడుద్ది. ఆగి చూడు, రేపు లక్షలు" అంటాడు. ఎవరో పాత రూపాయి బిళ్ళ అమ్మి మేడ కట్టారని ఫోన్లో వచ్చే వీడియోలు ఆయనకు వేదవాక్కులు. ఆ బీరువాలో దుమ్ము దులిపేది, సాలెగూళ్ళు తీసేది మాత్రం నాగజ్యోతి. ఒకసారి గోలీసోడా సీసా చేతిలోంచి జారి పగిలిపోతే, "నీకేం తెలుసే వస్తువు విలువ" అని వారం రోజులు మొహం ముడుచుకుని తిరిగాడు. మిరపకాయలు ఏరి ఏరి వేళ్ళు మండుతుండగా చింతపండు పులుసులో చేతులు పెట్టుకున్న ఆమెకు ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. విలువ తెలియని మనిషి చేతికే ఈ లక్షలన్నీ తోమమని ఎందుకిస్తాడో అనుకుని తనలో తాను నవ్వుకుంది.

ఇవాళ ఈ హడావిడంతా సిద్దికా కోసం. గుంటూరులో పాత వస్తువుల కొట్టు నడిపే మనిషి. వాళ్ళ నాన్న నన్నే సాహెబ్ పెట్టిన కొట్టు, ఆయన తర్వాత ఈమే చూసుకుంటోంది. ప్రసన్నకుమార్ నెల రోజులుగా ఫోన్లు చేసి చేసి ఆమెను రప్పించాడు. "అద్దంలా మెరవాలి" అని రాత్రి నాగజ్యోతికి రెండుసార్లు చెప్పాడు.

సిద్దికా ఆటో దిగి, కళ్ళజోడు తుడుచుకుని, బీరువా ముందు కూర్చుంది. నలభై దాటిన మనిషి, మాటలో తొందర లేదు. మరచెంబు చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పి చూసింది.

"తోమారా?"

"అద్దంలా ఉంది కదండీ" అన్నాడు ప్రసన్నకుమార్.

"అదే సార్ చిక్కు. ఆ పాత రంగే దాని వయసుకు సాక్ష్యం. అది పోయాక, నిన్న బజార్లో కొన్న చెంబుకీ దీనికీ తేడా ఏముంటది?"

ప్రసన్నకుమార్ గిరుక్కున భార్య వైపు తిరిగాడు. "నిన్నెవరు తోమమన్నారు?"

నాగజ్యోతి నోటిదాకా వచ్చిన జవాబును మింగేసింది. వండటం, ఉతకటం, తోమటంతో పాటు ఇలా మింగటం కూడా ఆ ఇంట్లో ఆమె పనే. టీ తెస్తానని లోపలికి వెళ్ళింది.

ఆమె టీలు తెచ్చేసరికి సిద్దికా బీరువాలోని పాత రేడియో చూసి పక్కన పెట్టింది. పాత రూపాయి బిళ్ళలు చూసి పక్కన పెట్టింది. ప్రసన్నకుమార్ మొహం వాడిపోతోంది.

"ఏమనుకోకండి సార్. విలువైందని అందరూ దాచుకున్న వస్తువు ఇంటింటికీ ఒకటి ఉంటది. అందుకే దానికి పెద్ద ధర రాదు. దీన్ని కూడా దాచుకోవాలని ఎవరికీ తోచక, వాడి వాడి చించేసి, పారేస్తారే, అట్టాంటిది ఇంకెక్కడా దొరకదు. మేం తిరిగేది వాటికోసమే."

"అంటే ఎట్టాంటివండి?"

"చూస్తేగానీ చెప్పలేను" అని, చేతులు కడుక్కుంటానని ఆమె నాగజ్యోతి వెంట పెరట్లోకి నడిచింది.

పెరడు దాటితే కల్లం. ఎర్రటి మిరపకాయలు ఎండకు పరిచి ఉన్నాయి. రాత్రి మంచుకు తడవకుండా వాటి మీద కప్పిన బొంతను నాగజ్యోతి పొద్దున్నే తీసి ప్రహరీ మీద ఆరేసింది. సిద్దికా ఘాటుకు తుమ్మి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆ బొంత ముందే ఆగిపోయింది. అంచు ఎత్తి అడుగువైపు చూసింది. వేలితో కుట్లు తడుముతూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. ఎక్కడ చినిగితే అక్కడ ఒక అతుకు, ఆ అతుకు చినిగితే దాని మీద ఇంకో అతుకు. చిలకపచ్చ నేతచీర, వాయిల్ చీరల పూలు, చిన్నపిల్ల గౌను ముక్క, గళ్ళ లుంగీ. ఆ ఇంట్లో కట్టి విడిచిన బట్టలన్నీ పొరలు పొరలుగా అందులోనే ఉన్నాయి.

"సార్, ఒకసారి ఇటు రండి" అని పిలిచింది సిద్దికా. "ఇదెక్కడిది?"

"అదా? మిరపకాయల మీద కప్పేదండి, పాత బొంత."

"ఇట్టాంటిది ఇన్నేళ్ళు నిలబట్టం నేను చూళ్ళేదు. చినిగితే పారేస్తారు, ఇట్టా బతికించుకోరు."

ప్రసన్నకుమార్ గొంతు అప్పటికప్పుడు మారిపోయింది. "మా అమ్మ కుట్టిందండి. వెంకటరావమ్మగారని, చేతిపనిలో మా ఊళ్ళో పెట్టింది పేరు. మా ఇంటి వస్తువు."

"మీ అమ్మగారిది ఎడమచేతివాటమా?"

"ఛఛ. మా ఇంట్లో ఎడమచేతివాళ్ళు ఎవరూ లేరండి."

"ఇది ఎడమచేత్తో కుట్టిందే సార్. ఏ వరస చూడండి, ముడి ఎడమవైపు మొదలైంది. మా అమ్మ ఇట్టాగే కుట్టేది."

నాగజ్యోతి చేతిలో నీళ్ళచెంబు అలాగే ఉండిపోయింది. మా ఇంట్లో ఎవరూ లేరు. ముప్పై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషి అన్న మాట అది. కాపురానికి వచ్చిన మొదటి రోజు ఆమె ఎడమచేత్తో గరిటె పట్టుకుని పప్పు వడ్డించబోతే అత్తగారు మణికట్టు పట్టుకుంది. "అమ్మాయ్, ఆ చెయ్యి ఈ ఇంట్లో పనికిరాదు." ఆ నెల తిరిగేలోపు నాగజ్యోతి వడ్డించటం, చిమ్మటం, ముగ్గు వేయటం, అన్నీ కుడిచేతికి నేర్పింది. నిలువునా కొత్త మనిషిని తయారుచేసినంత పని అది. కూతురు మాధురి కడుపులో ఉండగా, అత్తగారు కూతురింటికి వెళ్ళిన రోజుల్లో, తలుపు మూసుకుని, పుట్టబోయే బిడ్డా తానూ పడుకునేంత పెద్దగా ఈ బొంత కుట్టుకుంది. ఎడమచేత్తోనే. సూది ఎంత హాయిగా నడిచిందో, బిడ్డ కడుపులో కదిలినప్పుడల్లా ఆగి ఎంత మురిసిపోయిందో ఇప్పటికీ గుర్తే. తిరిగొచ్చిన అత్తగారు కుట్లు చూసి పసిగట్టింది. "ఎడమచేత్తో కుట్టింది పసిబిడ్డ కింద పరుస్తావా? కల్లంలో పడెయ్." అలా మాధురి వేరే బొంతమీద పెరిగింది, ఈ బొంత మిరపకాయల పాలైంది. ఆ రోజు ఎంత ఏడ్చిందో ఆమెకే తెలుసు. కానీ ఏటా పంట అమ్ముడయ్యాక దాన్ని ఉతికి, ఎవరూ లేని మధ్యాహ్నం చూసుకుని, చినిగిన చోటల్లా ఎడమచేత్తోనే అతుకు వేసేది. అత్తగారు పోయాక కూడా చాటుగానే వేసింది. ఆ చేతికి పనికిరాదన్న పేరు పోనివ్వకుండా తానే ఎందుకు కాపలా కాసిందో, ఇప్పుడు ఆలోచిస్తే తన మీద తనకే కోపం వచ్చింది. బొంతను కాదు తాను ఇన్నేళ్ళూ బతికించుకున్నది, ఆ చేతిని.

"అది నేను కుట్టానండి" అంది.

ప్రసన్నకుమార్ వింతగా చూశాడు. "నువ్వా? నీది కుడిచెయ్యే కదా?"

"ఈ ఇంటికొచ్చాక."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని ఆపినప్పుడు మీరు అక్కడే ఉన్నారండీ. అన్నం కలుపుకుంటున్నారు."

ఆయన నుదురు చిట్లించాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోవటానికి అవస్థ పడుతున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది. మనిషి చెడ్డవాడు కాదు. అద్దాల వెనక ఉన్నదాన్ని మాత్రమే చూడటం అలవాటైనవాడు. అంతలోనే తేరుకుని, సిద్దికాతో, "సరే, ఎవరు కుట్టినా ఇంట్లోదే కదండీ. ఎంతొస్తుందంటారు?" అన్నాడు.

సిద్దికా బొంత అంచు వదిలి ఇటు తిరిగింది. "అమ్ముతావా అక్కా?" అని నాగజ్యోతిని అడిగింది.

ఆ ఇంట్లో ఒక వస్తువు గురించి ఆమెను అడగటం అదే మొదలు. నాగజ్యోతి బొంతను ప్రహరీ మీద నుంచి దించి, మడతపెట్టి, చంకన పెట్టుకుంది. ఘాటుకు కళ్ళు మండాయి.

"అమ్మనండి. ఇన్నేళ్ళూ మిరపకాయలు కప్పుకున్నయ్యి. ఇంక నేను కప్పుకుంటా."

"అయితే బీరువాలో పెడదాం, నలుగురూ చూస్తారు" అన్నాడు ప్రసన్నకుమార్, ఈసారి కొంచెం మెత్తగా.

"వద్దండి. మళ్ళీ దుమ్ము నేనే దులపాలి."

సిద్దికా పకపకా నవ్వింది. వెళుతూ వెళుతూ వాకిట్లో ఆగి, "తొందరేం లేదు, నాకూ ఒకటి కుట్టిపెట్టక్కా. ఒక మూల నీ పేరు కూడా కుట్టు. పేరు లేకపోతే రేపు ఎవరో ఒకరి అమ్మ కుట్టిందంటారు" అంది. ప్రసన్నకుమార్ చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాడు. అటక మీద పాతచీరల మూట ఉందని నాగజ్యోతికి అప్పుడే గుర్తొచ్చింది. అందులో మెరుపు తగ్గని ఎర్రంచు చీర ఒకటి ఉండాలి.

బొంతను తొట్లో నానేసి, ఎర్రటి నీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా ఉతికింది. దండెం మీద ఆరేసి, చేతులు తుడుచుకుని వంటింట్లోకి వచ్చేసరికి ప్రసన్నకుమార్ కంచం ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె పప్పుగిన్నె తెచ్చి, కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో గరిటె ముంచింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ చెయ్యి ఒక్క చుక్క ఒలకబోయలేదు.

ఆయన గరిటె వంక చూశాడు. ఆమె వంక చూశాడు. కంచాన్ని ఆమె ఎడమచేతి వైపుకు జరిపాడు.